లప్పం కింద అతుకు

పోయినవారం కథ ఒక ఫ్యూజు ఎగిరిపోయి ఆగింది. ఫ్యూజంటే మళ్ళీ వేసుకోవచ్చు కానీ, ఆ ఇంట్లో ఎగిరిపోయింది అదొక్కటే కాదు. మరిచిపోయినవాళ్ళ కోసం, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

పాత ఇంటికి మరమ్మతు జరుగుతోంది. వంటగది పెద్దది కావాలంటే పక్కనున్న కారు షెడ్డు గోడ కూలాలి. గోడ కూలాలంటే, పదకొండేళ్ళుగా పట్టా కప్పుకుని అందులో కూర్చున్న కారు బయటికి రావాలి. దాని నాలుగు తలుపులూ అడుగున తుప్పు తినేసి జల్లెడలయ్యాయి. పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమని అందరూ అన్నారు. అమ్మ మాత్రం తలుపులు అతికించి కారు మళ్ళీ నడపాలని, ముందు సీటులో తానే కూర్చుంటానని పట్టుబట్టింది. ఆవిడ కూతురు వెల్డింగు పనిచేస్తుంది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఆమె సరేనని మెషీను తెచ్చుకున్నాక గానీ తెలియలేదు, గచ్చు మీద టైల్స్ వెయ్యడానికి అమ్మ ఎవరిని పిలిపించిందో. పదకొండేళ్ళుగా తాను మొహం చూడని అన్నయ్యను.

కోపానికి కారణం ఆ కారే. దాని ముందు తలుపు మడతబందు దగ్గర అతుకు వేసింది అన్నయ్య. ఒకరోజు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని నడుపుతుంటే మిల్లు మలుపులో ఆ తలుపు ఊడింది, అమ్మ రోడ్డు మీద పడింది. తొడ ఎముక విరిగి, అతుక్కున్నాక ఎడమకాలు రెండు వేళ్ళ మేర కురచైపోయింది. ఆసుపత్రి వరండాలో అన్నయ్య, అతుకు నాదేనని ఒప్పుకున్నాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళున్న పిచ్చుక, "ఆ చేత్తో ఇంకెప్పుడూ రాడ్ పట్టుకోకు" అంది, పదిమంది ముందు. అతను పట్టుకోలేదు. నాన్న పెట్టిన వెల్డింగు షాపు చెల్లెలికి వదిలేసి, ఊరికి ఆ చివర ఇల్లు తీసుకుని, టైల్స్ పని నేర్చుకున్నాడు.

అతనుంటే నేనుండనని పిచ్చుక అంటే, ఇద్దరికీ పనుంది, చేసి పొండని అమ్మ తేల్చేసింది. అప్పటినుంచి గోడకు అటు చెల్లెలు, ఇటు అన్న. పాత ఇల్లు కాబట్టి ఇంటికంతా ఒకటే ఫ్యూజు. ఆమె వెల్డింగు మెషీను నడిచేటప్పుడు అతను టైలు కోసే మెషీను వేస్తే అది ఠప్పుమంటుంది. అందుకని ఎవరు ఎప్పుడు వెయ్యాలో గోడకు అటూ ఇటూ కబుర్లు మొయ్యడం మేస్త్రి వంతయింది. ఏ పని అడిగినా అరగంటలో అయిపోతుందంటాడు కాబట్టి ఆయన్ని అరగంట మేస్త్రి అంటారు. పదకొండేళ్ళ తగాదాని కూడా ఆయన అరగంటలో తేల్చేస్తానన్నాడు. మూడు రోజులయింది.

ఇక ఈవారం.

ఆ పొద్దున ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. సాయంత్రం నాలుగింటికి గోడ పడగొట్టడం ఖాయమని మేస్త్రి గడువు పెట్టాడు. అమ్మకు కూర్చోవడానికి చోటు లేదు. ఒక గది తవ్వి ఉంది, ఇంకో గది తడిగా ఉంది. నాలుగు పళ్ళేలు చంకన పెట్టుకుని ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి వరండాలోకి తిరుగుతోంది. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా. ఆ అడుగుల చప్పుడు గోడకు అటుపక్క వినిపిస్తే పిచ్చుకకు ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు విన్నప్పుడల్లా అన్నయ్యను ఒకసారి తిట్టుకోవడం ఆమెకు అలవాటు.

మూడు తలుపులు అప్పటికే అయిపోయాయి. కారు తలుపు బయటినుంచి కుళ్ళదు, లోపలినుంచి కుళ్ళుతుంది. అద్దం పక్కనున్న రబ్బరు సందులోంచి నీళ్ళు దిగుతాయి. అవి పోవడానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో మట్టి కూరుకుపోయిందా, నీళ్ళు అక్కడే నిలిచి రేకుని తినేస్తాయి. పిచ్చుక కుళ్ళిన భాగం తెల్లటి ఇనుము కనపడేదాకా కోసి, అంతే మందం రేకు కత్తిరించి, ఆ ఖాళీలో నిలబెట్టి, ఇక్కడొక వెల్డింగు చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క వేసింది. మధ్యమధ్య తడిగుడ్డ పెట్టి చల్లార్చింది. గీత గీసినట్టు ఒక్క ఊపులో వేసుకుంటూ పోకూడదా అని మేస్త్రి అడిగితే, అలా వేస్తే రేకు వేడికి వంకర తిరిగిపోతుందని చెప్పింది. తొందరపడకూడని పని ఒకటుందని తెలిసి ఆయన కొంచెం నిరాశపడ్డాడు.

నాలుగోది, అమ్మ పడిపోయిన తలుపు. పిచ్చుక దాన్ని కావాలనే చివరికి పెట్టుకుంది. పై మడతబందు ఊడిపోవడంతో కారు ఇంటికి తెచ్చినరోజు ఎవరో ఆ తలుపుని ఎత్తి దగ్గరికి నెట్టి, ఇనుప తీగతో కట్టేశారు. ఆమె తీగ కోసింది. లాకు బిగుసుకుపోయి ఉంటే నూనె పోసి నాననిచ్చింది. కింది బందు విప్పి తలుపుని రెండు చేతులా ఎత్తి చెక్కబల్ల మీద పడుకోబెట్టింది. తలుపు లోపలి అంచున ఒకచోట అరచెయ్యంత సొట్ట ఉంది, సొట్టలో సున్నం మరకుంది. తలుపు మూసి ఉంటే ఆ అంచు బయటికే కనపడదు, దానికి దెబ్బ ఎలా తగిలిందా అనుకుంది. అనుకుని, చెయ్యాల్సిన పని బోలెడుంటే సొట్ట గురించి ఆలోచన ఎందుకని వదిలేసింది. పాఠకులు మాత్రం వదలకండి.

పాత బండి పని పట్టేవాళ్ళ దగ్గర ఒక అయస్కాంతం ముక్క ఉంటుంది. ఇనుము మీద అంటుకుంటుంది, పైన లప్పం దట్టంగా పూసి గుంటలు పూడ్చి ఉంటే జారిపోతుంది. పిచ్చుక దాన్ని తలుపు పొడుగునా నడిపించుకుంటూ వచ్చింది. పై బందు పలక దగ్గర అది పట్టలేదు. చెయ్యి వదిలితే కింద పడిపోయింది.

వంగి చూసింది. అక్కడ లప్పం ఉంది. గరుకు కాగితంతో రుద్దలేదు, రంగు వెయ్యలేదు. బొటనవేలితో అదిమిన గుర్తులు అలాగే ఉన్నాయి. లప్పం పెట్టాక రుద్దకుండా వదిలేసే పనివాడు ఉండడు. ఇది గుంట పూడ్చడానికి పెట్టింది కాదని, ఏదో కనపడకుండా చెయ్యడానికి పెట్టిందని ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఉలి పెట్టి సుత్తితో చిన్నగా కొట్టింది. లప్పం పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద అతుకు బయటపడింది. అతుకు మధ్యలో పగిలి ఉంది. పిచ్చుక పగులు వంక చూడలేదు. అతుకు వంక చూసింది, చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది.

అతుకు చూసి వేసిన చెయ్యి చెప్పొచ్చు, ఉత్తరం మీద రాత చూసి చెప్పినట్టే. అన్నయ్య అతుకు ఒక్క తీరుగా, చీమలబారులా పోతుంది. ఇది అలా లేదు. అంగుళం పోయి ఆగింది, ఆగినచోట చిన్న గుంట. మళ్ళీ అంగుళం, మళ్ళీ గుంట. ఇనుము మీద ఇలా అతుకు వేసే మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. కొత్తలో పొగ లోపలికి పోతే చచ్చిపోతానని భయపడి, మాస్కు కింద ఊపిరి బిగబట్టి రాడ్ అంటించేది. ఊపిరి ఎంతసేపు ఆగితే అంత అతుకు. ఊపిరి పీల్చుకోవడానికి రాడ్ ఎత్తినచోటల్లా గుంట. పిచ్చుక పొడిచినట్టుందే అని అన్నయ్య ఎగతాళి చేశాడు. పేరు అక్కడినుంచే వచ్చింది.

ఆమె ముక్కలు లెక్కపెట్టింది. ఏడు. పగులు మూడో గుంటలోంచి మొదలై ఏడో గుంట దాకా పోయింది.

కింద ఉన్న అయస్కాంతం తీసి జేబులో వేసుకుంది. మళ్ళీ బయటికి తీసింది, మళ్ళీ వేసుకుంది. షెడ్డు చివరిదాకా వెళ్ళి వచ్చింది. తర్వాత సుత్తితో గోడ మీద మూడుసార్లు గట్టిగా కొట్టింది. మేస్త్రిని పిలవాలంటే అలాగే కొడుతుంది. ఆ సమయానికి మేస్త్రి వీధిలో ఇసుక బండివాడితో గొడవపడుతున్నాడు. వచ్చింది అన్నయ్య.

మోకాళ్ళ దాకా సిమెంటు మరకలతో గుమ్మంలో నిలబడ్డాడు. పదకొండేళ్ళ తర్వాత చెల్లెలు అతనితో అన్న మొదటి మాట ఇది.

"లప్పం ఎప్పుడు పెట్టావు?"

అతను బల్ల మీది తలుపు చూశాడు, నేలమీద పెచ్చులు చూశాడు. అబద్ధం చెప్పడానికి చోటు లేదని తెలిశాక మనిషి భుజాలు ఎలా దిగుతాయో అలా దిగాయి.

"అమ్మను ఆసుపత్రిలో చేర్చిన సాయంత్రం" అన్నాడు.

"ఆ వరండాలో నిన్ను అడిగాను. ఆ అతుకు నేను వేసిందే కదూ అని అడిగాను. కోసేసి మళ్ళీ వేశానన్నావు."

"అన్నాను. వెయ్యలేదు."

మిగిలింది అతను గోడ వంక చూస్తూ చెప్పాడు. చెల్లెలు అతుకు వేసిన రోజున కోసేద్దామనే గ్రైండరు పట్టుకున్నాడట. సన్నటి గడ్డపలుగు పెట్టి లాగి చూస్తే పట్టుకునే ఉంది. చూడ్డానికి బాగాలేకపోయినా పనికొస్తుందని వదిలేశాడు. పని చూసి సరే అన్నవాడిదే ఆ పని, నాన్న ఉంటే అదే అనేవాడు, అందుకే అతుకు నాదన్నాను, అందులో అబద్ధం పెద్దగా లేదు అన్నాడు.

ఆమెకు అతని మీద కోపం రాలేదు. వస్తే బావుండేది. ఆ రోజు వరండాలో 'నీది కాదు' అన్న మాట వినగానే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఆ తేలికదనం ఎంత సిగ్గుమాలిందో ఇప్పుడు తెలుస్తోంది. అమ్మ లోపల మూలుగుతుంటే తాను బయట హమ్మయ్య అనుకుంది, అలా అనుకున్నందుకు తనమీద తనకు వచ్చిన కోపమంతా తీసుకెళ్ళి అన్నయ్య నెత్తిన పెట్టింది. అతను దాన్ని దించుకోలేదు. ఒక మనిషి చేతిలోంచి నాన్న నేర్పిన పని లాగేసుకుంది, ఆ షాపులోనే కూర్చుని పదకొండేళ్ళు బతికింది. అన్నయ్యా అని పిలుద్దామనుకుంది, ఆ పిలుపు రాలేదు.

"అమ్మకు చెప్పాలి" అంది.

"వద్దు." అతను లోపలికి వచ్చాడు. "పదకొండేళ్ళు పట్టింది అమ్మకు నన్ను పిలవడానికి. ఇప్పుడు నువ్వెళ్ళి తప్పు నీదని చెబుతావు. నీకూ పదకొండేళ్ళు పడితే? అమ్మకు డెబ్భై రెండు, పిచ్చుకా."

ఆ పేరు అతని నోట మళ్ళీ వినపడేసరికి ఆమె తల తిప్పేసుకుంది. ఆ క్షణంలోనే అతను బల్ల కిందున్న గ్రైండరు అందుకున్నాడు. ఒక్క నిమిషం రుద్దితే చాలు. ఏడు ముక్కలూ పొడి అయిపోతాయి, వేసిన చెయ్యి ఎవరిదో చెప్పడానికి ఏమీ మిగలదు. ఆమె తలుపుకి అడ్డంగా వంగి అతుకు మీద చెయ్యి పెట్టేసింది. చెయ్యి తియ్యమన్నాడు. తియ్యనంది. చక్రం తిరుగుతోందే, పిచ్చిదానా, చెయ్యి తియ్యమని మళ్ళీ అన్నాడు. రుద్దుకో, చేతితో సహా రుద్దుకో అంది. ముప్ఫై ఏళ్ళ మనిషి, సొంత షాపు నడిపే మనిషి, పదేళ్ళ పిల్లలా బల్లని పట్టుకుని వేళ్ళాడింది.

సరిగ్గా అప్పుడే ఇసుక బండివాడి మీద గెలిచి లోపలికొచ్చిన మేస్త్రి, అన్నయ్య వదిలేసి వచ్చిన టైల్స్ మెషీను స్విచ్చి నొక్కాడు. తానే రెండు టైల్స్ కోసి పని ముందుకు జరుపుదామనుకున్నాడు, పాపం. ఠప్పుమంది. గ్రైండరు నీలిగి నీలిగి ఆగిపోయింది. ఇంట్లో ఉన్న మోతలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అరగంటలో వేసేస్తానంటూ మేస్త్రి ఫ్యూజు తీగ కోసం వెతుక్కుంటూ వెళ్ళాడు.

ఇద్దరూ ఆయాసపడుతూ నిలబడ్డారు. ఏం చెయ్యాలో తోచక పిచ్చుక చేతులు తలుపు మీద ఏదో ఒకటి చేస్తున్నాయి. పొద్దున నూనె పోసిన లాకు ఆమె వేళ్ళకు తగిలింది. దాని నాలుక నొక్కింది. టక్కుమని మూసుకుంది. హ్యాండిల్ లాగింది. టక్కుమని తెరుచుకుంది. పదకొండేళ్ళ తుప్పులో ఉన్నా చక్కగా పనిచేస్తోంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ లాగింది. మూడోసారి ఆగింది.

కారు దగ్గరికి వెళ్ళి, ఆ లాకు వచ్చి పట్టుకునే కొక్కెం చూసింది. ఏమాత్రం వంగలేదు. వేలితో తడిమింది, గీత కూడా లేదు.

"ఇలా రా" అంది. అతను వచ్చాడు. "పై బందు ఊడింది. సరే. కింది బందు ఉంది. ఈ పక్క లాకు పట్టుకునే ఉంది. అతుకు విరిగితే తలుపు కిందికి జారుతుంది, గడగడలాడుతుంది. అంతేగానీ ఎలా తెరుచుకుంటుంది?"

అతను కొక్కెం చూశాడు. లాకు చూశాడు. తర్వాత ఆమె వేలు చూపించిన సొట్ట చూశాడు, లోపలి అంచున, సున్నం మరకతో. మిల్లు మలుపులో సున్నం కొట్టిన రాయి ఒకటి ఉండేది. తలుపు తెరుచుకుని ఉంటే తప్ప ఆ అంచు రాయికి తగలదు. అంటే తలుపు ముందు తెరుచుకుంది. తర్వాత రాయికి కొట్టుకుంది. అతుకు విరిగింది ఆ దెబ్బకి.

ఇద్దరూ వెల్డింగు పనివాళ్ళు. విరిగిన అతుకు కనపడగానే ఇద్దరి కళ్ళూ అక్కడే ఆగిపోయాయి. లాకు ఎలా ఉందో చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. బండి గురించి ఏమీ తెలియని మేస్త్రి చూసి ఉంటే అరగంటలో చెప్పేవాడు.

"అమ్మ చెయ్యి తగిలి తెరుచుకుందేమో" అన్నాడు అన్నయ్య. అతని గొంతు అతనికే నచ్చలేదు. ఆ హ్యాండిల్ చెయ్యి తగిలితే తెరుచుకునే రకం కాదు. పట్టుకుని గట్టిగా లాగాలి.

అప్పుడు వినపడింది, వంటగది వైపునుంచి. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలికగా. మోతలేవీ లేకపోవడంతో ఆ అడుగులు ఇల్లంతా వినపడుతున్నాయి. ఈసారి పిచ్చుక ఎవరినీ తిట్టుకోలేదు.

అమ్మ గుమ్మం దాటి వచ్చి, పళ్ళేలు సిమెంటు బస్తా మీద పెట్టింది. కూతుర్ని చూసింది, కొడుకుని చూసింది. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఉన్నందుకు ఆవిడ మొహంలో సంతోషం కనపడాలి. కనపడలేదు.

"అమ్మా, ఆ అతుకు నాది" అంది పిచ్చుక. ఇంకేదైనా తెలిసేలోపు తన వంతు చెప్పేసుకోవాలని గబగబా అంది. "అన్నయ్యది కాదు. నాది. నా కోసం అబద్ధం చెప్పాడు."

అమ్మ తల ఊపింది. ఆ మాట కోసం ఆవిడ వచ్చినట్టు లేదు.

"టక్కుమని చప్పుడైంది ఇందాక" అంది. "నాలుగుసార్లు."

అమ్మ తలుపు లేని ఆ సందులోంచి, ఒక చెయ్యి కారు కప్పు మీద ఆనించి, కురచ కాలు ముందు పెట్టి, ముందు సీటులో కూర్చుంది. పదకొండేళ్ళ దుమ్ము లేచింది. చీర సర్దుకుంది. హ్యాండిల్ ఉండాల్సిన చోట, ఖాళీ గాలిలో, ఎడమచెయ్యి ఒకసారి అలా పెట్టి తీసేసింది.

"ఈ సీటులో కూర్చునే చెబుదామనుకున్నాను. అందుకే ఇద్దర్నీ పిలిచాను" అంది. "ఆ రోజు తలుపు ఊడలేదు. నేనే తీశాను."

పిచ్చుక జేబులోంచి తీసి పట్టుకున్న అయస్కాంతం జారి కారు రేకుకి అంటుకుంది.

"బండి ఆపమన్నాను. ఆపలేదు. మలుపులో నెమ్మదించినప్పుడు తీశాను, దిగిపోదామని." అమ్మ ముందు అద్దంలోంచి షెడ్డు గోడకేసి చూస్తోంది. "ఎందుకు ఆపమన్నానో వాడికి తెలుసు. వాడు అప్పుడేమన్నాడో వాడికి తెలుసు. నీకే తెలియదు."

పిచ్చుక అన్నయ్య వైపు తిరిగింది. ఇందాక గ్రైండరు ముందు వెనక్కి తగ్గని మనిషి, పళ్ళేల పక్కన సిమెంటు బస్తా మీద కూలబడి ఉన్నాడు.

"అమ్మా, అది మాత్రం దానికి చెప్పకు" అన్నాడు.